ఫిబ్రవరిలో ఏప్రిల్

విన్నిపెగ్ బస్ డిపోలో తలుపు తీసినప్పుడల్లా
ముందు చలి లోపలికొస్తుంది, దాని వెనక మనుషులు.
సున్నాకి ముప్ఫై మెట్లు కింద కాపురముంటున్న ఊళ్ళో
మా కొట్టు పత్రికల అరలో మాత్రం ఏప్రిల్ నెల.
భుజాల మీద నూలుపోగు లేని ఒకమ్మాయి,
ఆమె వెనక ఏ దేశపు ఎండో తాగిన పసుపుగోడ.

కాలేజీలో ఇచ్చిన పని:
ఈ ముఖచిత్రం ఎవరిని పిలుస్తోంది, ఎలా పిలుస్తోంది,
రెండు పేజీలు మించకుండా.

స్కేలు పెట్టి కొలిచాను.
కళ్ళు సరిగ్గా పైనుంచి మూడోవంతులో.
పత్రిక పేరులో రెండక్షరాలు ఆమె జుట్టు చాటున,
సగం దాచినా పోల్చుకుంటారన్న ధీమా.
ఎరుపు పెదవి మీద ఒకసారి, ధర పక్కన ఇంకోసారి.
నూట పదిహేడు గౌన్లట లోపల.
నూరంటే ఎవరూ నమ్మరు,
నూట పదిహేడంటే ఎవరో కూర్చుని లెక్కపెట్టినట్టుంటుంది.
‘నువ్వు’ అన్న మాట తొమ్మిదిసార్లు.
‘నేను’ ఒక్కసారీ లేదు.

ఒరీసియా నా కాగితం చదివి
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది.
ఇరవై ఆరేళ్ళుగా ఆ గల్లాపెట్టె వెనకే ఉన్న మనిషి.
"బొమ్మని కొలిచావు. చేతుల్నెవరు కొలుస్తారు?"

ఆ సాయంత్రం బొమ్మకి వీపు తిప్పి నిలబడ్డాను.

రాత్రి డ్యూటీకి వెళ్తున్న నర్సు కొని,
బల్ల మీద బోర్లా పెట్టింది,
పైన రొట్టె పొట్లం.
గిమ్లీ బస్సు కోసం కూర్చున్న థోర్వాల్డ్‌సన్ అవ్వ
అట్ట మీది ప్రతి అక్షరం, చుక్కలతో సహా, చదివింది.
తెరవలేదు. అంచులు సరిచేసి అరలో పెట్టేసింది.
పిలుపు అందింది, వెళ్ళక్కర్లేదనుకుందేమో.
థాంప్సన్ గనుల నుంచి దిగినతను
ఫోన్‌లో ఫొటో తీసి ఎవరికో పంపి
జవాబు వచ్చేదాకా కదల్లేదు.
పళ్ళకి తీగ కట్టించుకున్న పిల్ల ఒకతి
మూడడుగుల దూరంలో ఆగింది.
పెదాలు మూసుకుంది మెల్లగా.
గడ్డం లేచింది,
అట్ట మీద ఎంత ఎత్తుందో అంతే, వెంట్రుకవాసి తేడా లేకుండా.
బస్సు హారన్ కొట్టాక గాని దిగలేదు.

"పై అరలో పెడితే పొగరంటారు,
కింద పెడితే జాలిపడతారు.
కళ్ళెదుట పెట్టు,
అద్దమనుకుంటారు" అంది ఒరీసియా,
చిల్లర లెక్కపెడుతూ, నావైపు చూడకుండా.

నెలాఖరు. అమ్ముడుపోనివి నలభై ఒకటి.
పుస్తకం మొత్తం వెనక్కి పంపితే బరువు, ఖర్చు.
అట్ట చించి పంపితే చాలు, డబ్బు వాపసొస్తుంది.
లోపలిదంతా చెత్తకింద లెక్క.
పైన పటారం అని వెక్కిరిస్తాం గాని
ఇక్కడ పటారానికే రసీదు.

చించాను.
పిన్నులు పట్టుకున్నచోట చిన్న మూలుగు,
తర్వాత తేలిగ్గా ఊడొచ్చింది.
నలభై ఒక్క ముఖాలు ఒకదాని మీదొకటి,
అన్నీ నావైపే, ఎవరూ ఎవరినీ చూడకుండా.
నా మెడ ఎందుకో నొప్పెట్టింది.
అటు తిరిగితే కిటికీ అద్దంలో
పొద్దుట్నుంచీ నేనూ గడ్డమెత్తుకునే ఉన్నాను.

ముఖాల్లేని పుస్తకాలు నీలం డబ్బాలో పడేస్తుంటే
ఒరీసియా ఒకటి లాక్కుంది.
"నునుపు కాగితం గాలిని రానివ్వదు.
మా అమ్మమ్మ చెప్పిన కిటుకు.
తీసుకో, ఎడమకాలికి నాలుగు పేజీలు, కుడికి నాలుగు."

ఆఖరి బస్సు తప్పిపోయింది.
పోర్టేజ్ అవెన్యూ పొడవునా నడిచాను.
అడుగడుగునా బూట్ల లోపల
నూట పదిహేడు గౌన్లలో కొన్ని
గరగరమన్నాయి.
కాళ్ళు మాత్రం వెచ్చగానే ఉన్నాయి.